చెంగు మీద పిట్టలు

మొన్నొక పొద్దున కూరగాయలకని కిందికి దిగితే, సూరత్‌లో మా ఆల్థాన్ రోడ్డు పక్కన పతంగుల దారానికి రంగు వేసేవాడు కర్ర నుంచి కర్రకు దారాలు లాగి కట్టి, చేతిలో గులాబీ రంగు ముద్ద పట్టుకుని, ఏదో మొక్కు తీర్చుకుంటున్నవాడిలా అటూ ఇటూ నడుస్తున్నాడు. చుట్టూ తిరిగి పోవచ్చు గదా, నేను దారాల కింది నుంచి దూరి పోదామనుకున్నాను. నా వయసుకూ నా నడుముకూ అది వంగడం కాదు, ఒక ప్రభుత్వం కూలడం. కూలిన ప్రభుత్వాన్ని మళ్లీ నిలబెట్టేసరికి నా ఉన్ని స్వెట్టర్ మీద ఈ భుజం నుంచి ఆ భుజం దాకా గులాబీ గీత. ఆ మనిషి తన దారాన్ని తడుముకుని కన్నీళ్ల పర్యంతమయ్యాడు. ఇంటికొచ్చి స్వెట్టర్ విప్పుతుంటే చల్లటి గాలిలో ఆ తడి రంగు వాసన ముక్కుకు తగిలింది. అంతే, వంకాయలు ఫ్రిజ్‌లో పెట్టడం మరిచిపోయి, కొత్త పెళ్లికూతురిగా నేను సూరత్ పక్కనున్న జోల్వాలో గడిపిన మొదటి చలికాలంలోకి జారిపోయాను.

సూరత్‌లో చలేమిటని నవ్వేవాళ్లు ఉంటారు. వాళ్లు ఇప్పటి చలిని చూసి నవ్వుతున్నారు. అప్పటి చలి వేరు. కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టడం అందరిళ్లలోనూ ఉండేదే. మా రేకుల గదిలో ఆవాలు కూడా పోపులో పడ్డాక చిటపటలాడాలా వద్దా అని కాసేపు ఆలోచించుకునేవి. పొద్దున్నే బకెట్లో చెయ్యి పెడితే, ఆ చెయ్యి నాదేనన్న నమ్మకం మధ్యాహ్నానికి గాని కుదిరేది కాదు. గోడకు అవతల సాంచెల కార్ఖానా. కరెంటు మగ్గాలను మా వైపు సాంచెలంటాం. అవి రాత్రింబవళ్లు కొట్టుకుంటూంటే మా గోడ, గోడకున్న దేవుడి పటం, పటం కింద ఉన్న నేను, అందరం కలిసి వణికేవాళ్లం. ఆ వణుకులో చలిది ఎంతో, సాంచెలది ఎంతో విడదీసి చెప్పగలిగినవాళ్లు ఇంకా పుట్టలేదు.

ఆ రోజుల్లో మా సిరిసిల్ల వైపు నుంచి సూరత్‌కు మగవాళ్లే వచ్చేవారు. ఒక్కో గదిలో ఒకరి మీద ఒకరు పడి పడుకునేవారు. పగటి డ్యూటీవాళ్లు లేస్తే ఆ చాప వెచ్చదనంలోనే రాత్రి డ్యూటీవాళ్లు ఒరిగేవారు. ఆడవాళ్లు ఊళ్లో ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చేసేవారు. మా ఆయన పెళ్లికాగానే మిత్రుల గది వదిలిపెట్టి, నన్ను తీసుకెళ్తానని వేరే గది చూశాడు. మా అత్తకు అది సాహసంగా కాదు, సరదాగా కనిపించింది. ఆమె చెడ్డది కాదు. పొగాకు దుమ్ములో పిల్లలను పెంచిన మనిషి, ఖాళీ చేతులను చూస్తే వాటిలో ఏదో ఒక పని పెట్టేది. మేం బండెక్కే రోజున నా మూట సర్దుతూ తీర్పు చెప్పేసింది.

“చలికాలం ఎల్లేదాంక చూస్త పిల్లా. ఆడ నీ చేతికి పని దొరికిందా, ఉండు. దొరకలేదా, నేనే వచ్చి తోల్కపోత. ఉత్తగ కూసొని గోడలు చూసెటందుకు సూరత్ దాంక ఎందుకు?”

బీడీల మీద నాకు పగ లేదు గాని, ఆ వాసన మా అమ్మ తలలో నుంచి ఏ పెళ్లినాడూ పోలేదు, ఏ కుంకుడుకాయకూ లొంగలేదు. పైగా కొత్తగా పెళ్లయినదాన్ని. మా ఆయన గొప్ప అందగాడని చెప్పను, చెప్పినా నమ్మరు, కానీ నాకు ఆయనతో ఒక గదిలో ఉండాలని ఉండేది. ఆ కాలంలో ఈ ముక్క పైకి అనడం సిగ్గు గనుక నేను పని చూసుకుంటానని అన్నాను. ఆడపిల్ల నోటి నుంచి వచ్చే “పని చూసుకుంటా”నన్న మాటలో ఏముంటుందో నా ఈడువాళ్లకు వివరించనక్కర్లేదు.

జోల్వాలో పని ఇచ్చేది మా గదుల వరసకు ఎదురుగా ఉండే ఒక గుజరాతీ ఆవిడ. అందరూ మాసీ అనేవారు. మాసీ ఇంటి వసారాలో ఒక ఉయ్యాల బల్ల ఉండేది. దాని మీద మాసీ కూర్చుని ఊగుతూంటే ఆ గాలికి వీధి చివర ఆరేసిన బట్టలు ఆరిపోయేవని చెప్పుకునేవారు. చెప్పుకున్నవాళ్లలో నేను ముఖ్యురాలిని. ఆవిడ మార్కెట్ నుంచి చీరలు తెచ్చి చుట్టుపక్కల ఆడవాళ్లకు పంచేది. కొందరు వాటికి తళుకు రాళ్లు అతికించేవారు, కొందరు దారపు కొసలు కత్తిరించేవారు. ఆ పనులన్నింటికీ చేతులు నిండి ఉన్నాయి. మిగిలింది ఒక్కటే: చీరల మీద బొటనవేలంత పిట్టల బొమ్మలు రంగుతో వేయడం. ఎప్పుడైనా పిట్టలు వేశావా అని మాసీ హిందీలో అడిగింది. నాకప్పుడు వచ్చిన హిందీలో సగం మా ఆయన కార్ఖానాలో నేర్చుకొచ్చిన తిట్లే గనుక, నోరు విప్పకుండా తల ఊపాను. ఆ ఊపుకి మాసీ నన్ను ఏ రాజుగారి కోటకో గోడల నిండా నెమళ్లు వేసి వచ్చినదాన్ని అనుకుని ఉండాలి. నిజానికి మా అక్క పెళ్లిలో ఐరేని కుండల మీద నేను రెండు చిలకలు వేశాను. పెళ్లికొచ్చినవాళ్లు మామిడికాయలు బాగున్నాయన్నారు.

మాసీ తొందరపడి కట్ట చేతిలో పెట్టే మనిషి కాదు. ముందు ఒక్క చీర ఇచ్చింది, ఆకాశం రంగుది. అది ఆవిడ కోడలిది. కొత్త కోడలు, ఉత్తరాయణ్ నాడు, అంటే మన సంక్రాంతికి, డాబా మీద వీధి వీధంతా చూస్తుండగా పతంగులు ఎగరేయడానికి కట్టుకోవాలి. అది కుదిరితే ఆ వెనక వచ్చే పెళ్లిళ్ల చీరల కట్టలన్నీ నావి. కుదరకపోతే దారపు కొసలు కూడా లేవు. పిట్టలన్నీ పైకి ఎగరాలి అంది మాసీ, ఉయ్యాల మీద నుంచే రెండు చేతులూ రేకుల దాకా ఎత్తి చూపిస్తూ. ఒక్క మాట కూడా అక్కర్లేకుండా నాకు అర్థమైంది. అర్థమైందనే అనుకున్నాను.

ఇక ఆ పిట్టల వైభవం ఏమని చెప్పను. కాగితం మీద పిట్ట గీత వెంట సూదితో చిల్లులు పొడిచి ఉండేవి. దాన్ని చీర మీద పరిచి నీలం పొడి అద్దితే బట్ట మీద చుక్కల్లో పిట్ట దిగేది. చుక్కలు కలపడం నాకు మా అమ్మ ముగ్గుతో పాటు ఇచ్చిన ఆస్తి. గీత దాకా మహారాణిలా సాగాను. రంగు దగ్గరే చలి అడ్డం పడింది. పొద్దున వేసిన రెక్క సాయంత్రానికి కూడా తడిగానే ఉండేది. ఈలోగా కార్ఖానా నుంచి గాలిలో తేలివచ్చే నూలు దూది దాని మీద వాలి పిట్టలకు గడ్డాలు మొలిచేవి. సూది మొనతో ఒక్కో వెంట్రుకా ఏరుతూ నేను ఎన్ని పిట్టలకు క్షవరం చేశానో లెక్కలేదు. చీర ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుచుకుని ఉంటే, మా ఆయన రాత్రి డ్యూటీ చేసి వచ్చి, బియ్యం డబ్బాకూ తలుపుకూ మధ్యన ముడుచుకుని పడుకునేవాడు. తుమ్ము వస్తే బయటికి పోయి తుమ్మి రావాలన్నది నా శాసనం. ఆ చలికాలమంతా ఆయన వీధిలో తుమ్మాడు.

అన్నిటికన్నా కష్టం కళ్లు. పిట్ట కన్నంటే ఆవగింజలో సగం. నేల వణుకుతూంటే ఆ చుక్క చుక్కగా పడేది కాదు, మెరుపులా పాకేది. ఒక పిట్టకు అలా మెల్లకన్ను వచ్చాక బుద్ధి తెచ్చుకుని, మిగతావాటినన్నింటినీ గుడ్డిగానే ఉంచి కరెంటు పోవడం కోసం కాచుకున్నాను. కరెంటు పోతే సాంచెలు ఆగేవి. జోల్వా అంతా కరెంటు వాళ్లను తిడుతూ బయటికొచ్చే ఆ కాసేపట్లో నేనొక్కదాన్ని వాళ్లకు దండం పెట్టి, తలుపు బార్లా తెరిచి, వెలుతురులోకి చీర లాక్కుని పిట్టలకు చూపు ఇచ్చేదాన్ని.

పిట్టలు ఎటు ఎగరాలో నిర్ణయించడానికి చీర నా మీదే వేసుకుని చూసుకున్నాను. నడుము దగ్గర బయలుదేరి, గుండెల మీదుగా ఏటవాలుగా ఎక్కి, ఎడమ భుజం దాటి, వీపు మీద చెంగు చివరకు పోయి వాలాలి. అన్నిటి ముక్కులూ చెంగు చివర వైపే. అరచేయంత అద్దంలో ముక్కలు ముక్కలుగా చూసుకుని, ఇంత అందమైనది సూరత్ బజార్లు ఎరగవని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను.

చీర తీసుకుపోయి మాసీకి ఇచ్చాను. కోడలు లోపలికి పోయి కట్టుకుని వసారాలోకి వచ్చింది. మాసీ కాలు నేలకు ఆనించి ఉయ్యాల ఆపేసింది.

గుజరాతీ ఆడవాళ్లు చీర ఎలా కడతారో నేను ఊళ్లో దిగిన నాటి నుంచి పొద్దస్తమానం చూస్తున్నదే. మనం చెంగును ముందు నుంచి ఎడమ భుజం మీదుగా వెనక్కి వేస్తాం. వాళ్లు వెనక నుంచి కుడి భుజం మీదుగా ముందుకు తెచ్చి గుండెల మీద పరుచుకుంటారు. చూస్తున్నాను గాని, నా చీర వాళ్ల ఒంటి మీదికి పోతుందన్న ఊహ నా బుర్రకు తట్టలేదు. ఇప్పుడు నా పిట్టలన్నీ ఆ పిల్ల కుడి భుజం దగ్గర మొదలై, ఒకదాని వెనక ఒకటి, ముక్కులు నేలకు పెట్టి తలకిందులుగా రాలిపోతున్నాయి. అది మామూలు రోజుల్లో అయితే ఏదో లెమ్మనుకోవచ్చు. ఉత్తరాయణ్ నాడు పతంగుల దారం తెగి రెక్కకు చుట్టుకుని పిట్టలు నిజంగానే ఆకాశం నుంచి అలాగే పడతాయి. వాటికి కట్టు కట్టడానికి వీధి మొగల్లో మందులు పెట్టుకుని కూర్చునే పుణ్యాత్ములుంటారు. ఆ పండగకు ఈ చీర.

“అరే బేటా, ఆ తో బధా మరేలా,” అంది మాసీ మెల్లగా. అన్నీ చచ్చిన పిట్టలే అని.

కోడలు చెంగును రెండు వేళ్లతో ఒంటికి దూరంగా పట్టుకుంది. మాసీ తిడితే బాగుండేది. తిట్లు నాకు తెలిసిన భాష. ఆవిడ జాలిపడింది. చీర మడతపెట్టి నా చేతిలో పెట్టి, ఉంచుకో, కోడలికి వేరేది కొంటాను అని లోపలికి తిరిగింది. ఆ పూటే మా ఆయన కిరాణా కొట్టు ఫోన్లో కబురు విని అక్కడికే వచ్చాడు: చలికాలం వెళ్లేదాకా ఆగలేక అత్త రేపు పొద్దునే బండి దిగుతుంది. నేను మాసీ గుమ్మం వదల్లేదు. “మై ఠీక్ కరూంగీ,” అన్నాను. బాగుచేస్తాననే ఆ ముక్క నేను హిందీలో మాట్లాడిన మొదటి మర్యాదైన వాక్యం. ఎలా బాగుచేస్తానో నాకే తెలియదు, మాసీ అడగలేదు. రేపు సాయంత్రం దాకా చూస్తానంది.

ఇంటికొచ్చి సబ్బుతో రుద్దాను. పిట్టలు పోలేదు, చుట్టాల్లా పాతుకుపోయాయి. గ్యాసునూనె, అదే కిరసనాయిలు, అద్దితే ఒకదాని తోక పాకి నెమలిలా విప్పుకుంది. నా చేతి పనికి లేని పట్టుదల ఆ రంగుకుంది. అయినా నాకూ తక్కువ లేదు. బీడీల చాట ముందు కూర్చోవలసి వస్తే కూర్చుంటాను గాని, మెల్లకన్ను పిట్టల వల్ల కూర్చున్నానని ఊళ్లో అనిపించుకోను. పొద్దున్నే మా ఆయన డ్యూటీ దిగి వచ్చాడు. అద్దంలో ముక్కలుగా చూస్తే ఇక లాభం లేదని, ఆయన్ను గది మధ్యన నిలబెట్టి, చొక్కా మీదే చీర చుట్టి, గుజరాతీ పద్ధతిలో కుడి భుజం మీదుగా చెంగు ముందుకు వేశాను. పాపం, రాత్రంతా సాంచెల మధ్య నిలబడ్డ మనిషి, నిలబడే నిద్రపోయాడు. నేను వెనక్కి జరిగి గోడకు ఆనుకుని చూస్తున్నాను. పిట్టలు రాలుతూనే ఉన్నాయి. తలుపు తోసుకుని, నెత్తిన మూటతో, మా అత్త లోపలికి వచ్చింది.

కన్నకొడుకు మీసాలతో, గడ్డంతో, ఆకాశం రంగు చీరలో, కళ్లు మూసుకుని నిలబడి ఉన్నాడు. అత్త మూట దించలేదు. సాంచెలు మాత్రం తమ పని తాము చేసుకుంటున్నాయి.

“ఏందిర కొడుకా,” అంది చివరికి, “గీ గిజిగాండ్లను మీదేసుకొని నిలవడ్డవ్?”

“అవ్వా, అది గాదే...” అని మా ఆయన ఉలిక్కిపడి లేచి, చీర చూసుకుని, మాట కోసం చెంగంతా వెతుక్కున్నాడు.

అత్త ఆయన్ను పట్టించుకోలేదు. మూట దించి, దగ్గరికొచ్చి, చెంగు పట్టుకుని కళ్లు చికిలించింది. “గిజిగాండ్లే గదా పిల్లా ఇవి. గూడు అల్లేటప్పుడు గిట్లనే తలకాయ కిందికి పెట్టి ఏలాడుతయ్. మరి గూళ్లేయి? గూడు లేకుంటె దేన్ని పట్టుకొని ఏలాడుతున్నయ్?”

గిజిగాడి సంగతి సాంచెలవాళ్ల ఇంటి కోడలికి వేరేగా చెప్పాలా? ఊళ్లో బావి మీదికి వంగిన తుమ్మకొమ్మలకు పొడుగాటి గడ్డి గూళ్లు వేలాడుతుంటే, పసుపు తలల మగపిట్టలు వాటి కింద తలకిందులుగా వేలాడి పోచ పోచా అల్లుతుంటాయి. వచ్చిన అత్తకు మంచినీళ్లు ఇవ్వాలన్న ఇంగితం ఆ క్షణాన నాకు లేకపోయింది. కుంచె ఎక్కడుందని అడిగాను. ఆమె దగ్గరే ఉన్నట్టు ఆమెనే అడిగాను.

ఆ పగలు మా గదిలో జరిగినది ఇళ్ల నిర్మాణం కాదు, ఒక నగర నిర్మాణం. ప్రతి పిట్ట పైనా, అంటే గుజరాతీ భుజం వైపు, ఒక గూడు. దాని నుంచి కిందికి పిట్ట. తలకు పసుపు రంగు. తోక విప్పుకున్న పిట్టకు అందరికన్నా పెద్ద గూడు పడింది. అత్త పక్కన గొంతుక్కూర్చుని ప్రతి గూటికీ వంక పెట్టింది: ఇది గూడు గాదు బీరకాయ, దీని మూతి ఇరుకైంది, గిండ్లకు పోతె పిట్ట బయటకు రాదు, జర సదురు. నేను సరిచేశాను. ఆరడానికి పొద్దు చాలదని తోస్తే, ఆమె చెప్పకుండానే లేచి, పొయ్యి ముట్టించి, చెంగును దాని పైన ఇంత ఎత్తున పట్టుకుని అప్పడం కాల్చినట్టు అటూ ఇటూ ఆడించింది. నన్ను తోలుకుపోవడానికి వచ్చిన మనిషి, తాను దేనికి సాయం పడుతున్నదో ఎరగనట్టే ఉంది. ఎరుగును. ఆ రాత్రికి నాకు తెలిసింది.

సాయంత్రం మాసీ ఇంటికి ఇద్దరం పోయాం. కోడలు అయిష్టంగానే లోపలికి పోయింది. ఆ పిల్ల ఏ కట్టు కట్టుకుంటుందో ఇప్పుడు నాకు కంఠతా వచ్చు, అయినా గుండె సాంచెలా కొట్టుకుంది. ఆ పిల్ల తెరవెనక నుంచి వస్తూనే చెంగును అరచేతుల్లో పరుచుకుని చూసుకుంటూ వచ్చింది. మాసీ కళ్లజోడు పెట్టుకుని వంగింది. ఒక పసుపు తలను వేలితో తాకి, “సుగరీ,” అంది. గుజరాతీలో గిజిగాడి పేరు అదేనట. తర్వాత లోపలికి పోయి చీరల కట్ట తెచ్చి నా ముందు పెట్టి, పెళ్లి చీరలు గనుక గూళ్లు మాత్రం మరవొద్దంది.

ఆ పైన మాసీ మా అత్తను ఉయ్యాల మీద పక్కన కూర్చోబెట్టుకుంది. ఒకరికి గుజరాతీ, హిందీ తప్ప రావు, ఇంకొకరికి మా సిరిసిల్ల మాట తప్ప రాదు. ఇద్దరూ చీకటి పడేదాకా మాట్లాడుకున్నారు. కోడళ్ల గురించేనని, ఒకరి మాట ఒకరికి పూర్తిగా అర్థమైందనీ వాళ్లు మమ్మల్నిద్దరినీ చూసిన చూపుల్లోనే తెలిసింది.

తిరిగి వస్తూ దారి పొడుగునా అత్త నాకన్నా ముందు నడిచింది. కట్ట నా చంకలో ఉంది. మా గది తలుపు ముందు ఆగి చెప్పులు విప్పుతూ, నా వైపు చూడకుండానే అంది: “సరె. ఈడనే ఉండు. గని మా పోరనికి మల్లెన్నడు చీర కట్టకు.”

ఉన్నాను. ఉండిపోయాను. ఎన్నో చలికాలాలు పిట్టలు వేశాను, కట్టే వాళ్లెవరో అడగకుండా కుంచె ముంచలేదు. జోల్వా నుంచి ఉధనా, ఉధనా నుంచి ఈ ఆల్థాన్. అత్త లేదు, మాసీ లేదు. ఇప్పుడు పిట్టలను మిషన్ వేస్తుంది. మనిషి టీ తాగి వచ్చేలోగా చీరల నిండా దించేస్తుంది, ఒక్కదానికీ మెల్లకన్ను ఉండదు. మా వైపు ఆడపిల్లలు కూడా ఎవరి తీర్పూ అడగకుండా మొగుడితో పాటు బండెక్కి వస్తున్నారు. చూసి సంతోషిస్తాను. ఇందులో ఎకసెక్కం ఏమీ లేదు, నిజంగానే సంతోషిస్తాను.

ఈ ఫ్లాట్‌లో మాకు మూడు పడకగదులు. తూర్పు గదిలో ఎండ వస్తుందని ఆయన అక్కడ, దుమ్ము పడదని నేను ఇవతల. ఆయన టీవీ ఆయనది, నా సీరియళ్లు నావి. ఒక్క గదిలో ఇద్దరం ఉండడానికి ఒక చలికాలం నిండా లోకంతో తలపడ్డదాన్ని నేను. ఇవాళ మధ్యాహ్నం వంకాయ కూర దించి, చారు పెట్టి, కంచాలు వేసి, వంటింట్లో నుంచి ఆయన గదికి ఫోన్ చేశాను, అన్నానికి రమ్మని. నా గొంతు విని, ఎవరని అడిగాడు.